బడి ప్రణాళిక రాయాల్సింది ఎవరు?

విద్యాహక్కు చట్టం అనగానే చాలామందికి గుర్తొచ్చేది ప్రైవేటు బళ్లలో పేదపిల్లలకి 25 శాతం సీట్లు. చర్చలన్నీ దాని చుట్టూనే. నా మటుకు నాకు, అంతకన్నా పదునైనవి 21, 22 సెక్షన్లు. వాటినెవరూ పట్టించుకోరు.

2010 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చిన ఈ చట్టం ప్రకారం ప్రతి సర్కారు బడికీ ఒక యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో ముప్పావు వంతు తల్లిదండ్రులే. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు. ఈ కమిటీ బడి అభివృద్ధి ప్రణాళిక రాయాలి. అసలు సంగతి ఆ తర్వాత ఉంది: ప్రభుత్వం ఇచ్చే గ్రాంట్లకి ఆ కాగితమే ఆధారం కావాలట! మన భాషలో చెప్పాలంటే, రిక్వైర్‌మెంట్లు రాసేది యూజరు, బడ్జెట్టు దాన్నిబట్టి వస్తుంది.

జరిగేది మాత్రం తలకిందులు. సమగ్ర శిక్షలో కేంద్రం 60, రాష్ట్రం 40 పాళ్లు వేసుకుంటాయి. దేనికెంతో పైన ఖరారై పద్దులవారీగా కిందికి దిగుతుంది. 2019 నవంబరు 14న మన ఒంగోల్లోనే మొదలైన నాడు-నేడు సంగతి చూడండి. మొదటి విడతలో 15,715 బళ్లు. పనులు చేయించే బాధ్యత తల్లిదండ్రుల కమిటీలకే ఇచ్చారు. ఇది మెచ్చుకోవాల్సిన విషయమే. కానీ ఏయే పనులు చెయ్యాలన్న జాబితా రాష్ట్రమంతటికీ ఒక్కటే. చెక్కుబుక్కు ఇచ్చారు గానీ కలం ఇవ్వలేదు.

తరగతుల విషయమూ అంతే. 2022లో జీవో 117తో 3, 4, 5 తరగతుల్ని దగ్గర్లోని హైస్కూళ్లలో కలిపారు. 2025లో ఆ జీవోని రద్దు చేశారు. కలపడమూ పైనుంచే, విడదీయడమూ పైనుంచే.

మరి మార్కాపురం, గిద్దలూరు, ఎర్రగొండపాలెం వైపు బళ్లకి కావల్సిందేంటి? కరువు ప్రాంతం. బోరు వేస్తే చాలాచోట్ల ఫ్లోరైడు నీళ్లు. పంట పోయిన ఏడు మిరప కోతలకి గుంటూరు వైపో, బిల్డింగు పనులకి హైదరాబాదుకో కుటుంబాలు కదిలిపోతాయి, పిల్లలూ వెంట వెళ్తారు. అక్కడి బడికి కొత్త రంగుకన్నా ముందు కావల్సింది తాగే నీళ్లు, వలస నెలల్లో పిల్లలు ఉండటానికి సీజనల్ హాస్టలు. నల్లమలలోని చెంచుగూడెం బడి అవసరాలు మళ్లీ వేరు. ఇవి ఢిల్లీకో అమరావతికో తెలియకపోవచ్చు, ఆ ఊరి తల్లికి తెలుసు. చిక్కేంటంటే, మీటింగు రోజున ఆ తల్లి మిరప చేలో ఉంటుంది.

"చదువురాని వాళ్లు ప్రణాళికలేం రాస్తారండీ?" అంటారు కొందరు. తాగే నీళ్లు లేవని చెప్పడానికి డిగ్రీ కావాలా? వాళ్లు చెప్తే రాసిపెట్టే మనిషి ఒకరుంటే చాలు.

అక్కడే మన అవసరం ఉంది. మనం ఊరి బడికి ఏదైనా చెయ్యాలంటే ముందు కంప్యూటర్లు కొనిస్తాం. తప్పేం లేదు. కానీ ఈసారి ఊరెళ్లినప్పుడు హెడ్మాస్టరుగారిని బడి ప్రణాళిక చూపించమని అడగండి. ఉంటే, కమిటీలోని తల్లిదండ్రులకి చదివి వినిపించండి. లేకపోతే వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టండి, మన ఐడియాలు కలపకుండా. మీటింగు వలసలకి ముందే పెట్టమనండి. ఆ కాగితానికి మండల విద్యాధికారి ఆఫీసులో రసీదు తీసుకోమనండి.

గ్రాంటు రాకపోవచ్చు. కానీ రాతపూర్వకంగా అడిగినదానికి "ఎందుకివ్వలేదు?" అని నిలదీసే హక్కు చట్టం ఇచ్చింది. అసలు అడగనేలేదనుకోండి, ఎవర్ని నిలదీస్తాం?