విల్లుకు వెదురు అడుగవచ్చినవానికి మనమేమి చెప్పవలెను?

పర్లాకిమిడి, గుణుపురము, రాయగడ, జయపురము ప్రాంతములలో తరతరములుగ స్థిరపడి, పట్టణమున వర్తకమును, పల్లెలో ఎంతో కొంత భూమియు గల తెలుగు కుటుంబములవారికి ఈ వారమొక విషయమును మనవి చేయదలచితిమి. విల్లు చేసికొనుటకై కొండవారు మన పొలము గట్టున నున్న వెదురు నడుగవచ్చినపుడు మనము చెప్పు సమాధానమును గూర్చి ఈ నాలుగు మాటలు. వెదురు వెల స్వల్పమే. ఇరుగుపొరుగుల నడుమ నుండవలసిన మర్యాద స్వల్పము కాదు.

మా తండ్రిగారి కాలమున మా తోటగట్టు వెదురు పొదలకు కంచె లేదు. పంట ఇల్లు చేరిన పిమ్మట సవరలు కొండ దిగివచ్చి, మా అరుగు చెంత నిలిచి, రెండో మూడో వెదుళ్లు అడిగెడివారు. ఎన్ని కావలెనని మా తండ్రిగారు అడుగుట కలదు గాని వెల అడుగుట లేదు. వారును వట్టిచేతులతో వచ్చెడివారు కారు. కొండచీపురు కట్టయో, చింతపండో తెచ్చెడివారు. వ్యవహారము మా చేతికి వచ్చినపుడు కంచె వేయించితిమి, పొదలను గుత్తకిచ్చితిమి. అందు దోషమున్నదని మేమనము.

గడచిన శీతకాలమున ఒక వృద్ధుడు మనుమని వెంటబెట్టుకొని మా దుకాణమునకు వచ్చి, పిల్లవానికి విల్లు చేయవలెను, ఒక వెదురు ఇప్పించుడని అడిగెను. మేము లెక్కలలో మునిగియుండి, డిపోలో కొనుక్కొమ్మని చెప్పితిమి. “డిపోలోది నరికిపడేసిన వెదురు బాబూ, విల్లుకి నిలబడ్డదాన్నే చూసి ఎంచుకోవాల” అని అతడనెను. మేము తల యెత్తలేదు. అతడు మధ్యాహ్నము వరకు నిలిచి వెడలిపోయెను. కొన్నాళ్లకు మా కాపరి వచ్చి, ఎవరో కంచె దాటి ఒక వెదురు కోసికొనిపోయిరనియు, ఠాణాలో ఫిర్యాదీయవలెననియు చెప్పెను. మేము పోయి చూచితిమి. గుత్తదారుని కూలీలు నరికినచోట లేత వెదుళ్లు సైతము చీలి నేలబడియున్నవి. ఈ ఒక్క కోత మాత్రము అడుగు కణుపునకు పైగా, ప్రక్కవానికి గీటు తగులకుండ, నేర్పుతో పడియున్నది. ఎవరు కోసిరో మేమెరుగము. ఎరుగక ఆ వృద్ధుని నిందింపజాలము. ఫిర్యాదీయలేదు. అడుగవచ్చినవానికి వాకిలి మూసినచో, తుదకు అడుగనివారే మిగులుదురని మాత్రము మాకు నాడు బోధపడినది.

ఆ వృద్ధుని మాటలోని సత్యమును తరువాత విచారించి తెలిసికొంటిమి. విల్లుకు ప్రతి వెదురును పనికిరాదు. మనవారు సాధనపు వెదురనునది, లోపలి బోలు మిక్కిలి తక్కువగ నుండి గట్టిగ నుండునది, శ్రేష్ఠము. ఏడాది లోపలిది నీరుబట్టియుండి వంగినచోటనే నిలిచిపోవును. మిక్కిలి ముదిరినది విరుగును. మూడేండ్ల ప్రాయముది, చక్కగ నిలిచినది, పుప్పి పట్టనిది ఏరవలెను. వానలు వెనుకబట్టి చలి ముదిరిన తరువాత కోసినదానికి పురుగు తక్కువగ పట్టును. దానిని నిలువున చీల్చి, పైతోలు చెడకుండ, రెండు కొనలును సమముగ వంగువరకు లోపలివైపు చెక్కుదురు. నారిని సైతము వెదురు పేడుతోనే కట్టువారు కొండజాతులలో పలువురు కలరు. కొందరు చరచి కొయ్యను వాడుదురు. దానికి సంస్కృతమున ధన్వనమని పేరు. ఆ పేరులోనే ధనువు వినబడుచున్నది. ఇట్టి యెంపిక చెట్టు నిలిచియుండగా చేయవలసినదే గాని, మోపు కట్టి అమ్మినదానిలో దొరకదు.

ఇక మనవారు చెప్పు ఆక్షేపణలు. మొదటిది, విల్లు వేటకు గదా యని. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి వేట నిషిద్ధము; మన అనుమతి వేటకు అనుమతి కాజాలదు. ఆ మాట అడిగినవారితో స్పష్టముగ చెప్పవలెను. కాని విల్లు పండుగలోను, ఆటలోను, తాత మనుమనికి నేర్పు విద్యలోను నిలిచియున్నది. రాజస్థానపు గిరిజన బాలుడు లింబారామ్ వెదురు విల్లుతో ఆరంభించి 1988, 1992, 1996 ఒలింపిక్సులలో మన దేశము పక్షమున నిలిచెను.

రెండవది, నేడు ఒకటి యిచ్చిన రేపు భూమియే తమదందురని. అనుమతి యడుగుటయే యజమానిని యజమానిగ అంగీకరించుట. చీటీ వ్రాసి యిచ్చినచో ఉభయులకును రక్షణ.

మూడవది, చట్టమేమనునో యను భయము. 1927వ సంవత్సరపు భారత అటవీ చట్టము వెదురును చెట్టుగ నెంచెను. అడవి వెలుపల పెరిగిన వెదురును 2017లో ఆ నిర్వచనము నుండి తొలగించిరి. అడవిలోని వెదురు 2006వ సంవత్సరపు అటవీ హక్కుల చట్టమున చిన్న అటవీ ఫలసాయములలో చేరియున్నది. అయినను రాష్ట్ర నియమములు వేరుగ నుండవచ్చును గనుక, దారిన మోసికొనిపోవుటను గూర్చి రేంజి ఆఫీసులో ముందుగ విచారించుట మేలు. చరచి వంటి చెట్టు నరకుట వేరు సంగతి. దానికి అధికారుల ఉత్తరువు లేనిదే ఎవరును పూనుకొనరాదు.

కావున మా సూచనలివి. అడుగవచ్చినవానిని నిలువబెట్టక ఆనాడే అవుననియో కాదనియో చెప్పవలెను. అవుననినచో తేదీ, వెదుళ్ల సంఖ్య, వాని పేరు, గ్రామము చీటీపై వ్రాసి సంతకము చేయవలెను. దారిన ఎవరైన ఆపినచో అది వానికి అండ. కోయదగిన వెదురును ఉభయులును చూచి గుర్తుపెట్టవలెను. కొమ్ములు మొలచు వానకాలమున కోత కూడదు. విల్లుకు రెండు మూడు వెదుళ్లకు వెల పుచ్చుకొనరాదు. బుట్టలల్లి అమ్ముకొనువారు ఎక్కువ కోరినచో న్యాయమైన ధర చెప్పవచ్చును. విశాఖపట్టణములోనో భువనేశ్వరములోనో నివసించు భూస్వాములు ఊరిలో ఒక పెద్దను ఇందుకై నియమింపవలెను. లేనిచో అడుగవచ్చినవానికి అడుగుటకు మనుష్యుడే కానరాడు.

ఈ సీమలో మనవారికి సత్సంప్రదాయము లేకపోలేదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగ నుండి సవర భాష నేర్చి, దాని వ్యాకరణమును 1931లోను, నిఘంటువును 1938లోను వెలయించిరి. వారు సవరలను తమ వాకిట నిలువబెట్టి పంపియున్నచో ఆ గ్రంథములు పుట్టియుండెడివి కావు.

తుదిమాట యొకటి. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనది మొదలు మనము భాషాల్పసంఖ్యాకులము. మన పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక విద్య కావలెనని, 1956లో రాజ్యాంగమున చేర్చిన 350ఏ అధికరణమును చూపుచు, అర్జీలు పట్టుకొని ఎన్ని ఆఫీసుల వాకిళ్ల ముందు నిలిచితిమో ఈ పత్రిక చదువువారందరు ఎరుగుదురు. రేపు రమ్మను మాట ఎంత బరువైనదో మనకు ఇంకొకరు చెప్పనక్కరలేదు. ఆ మాటనే మన అరుగు మీదనుండి మరొకరితో అనకుందుము గాక.

ఆ వృద్ధుని గ్రామమునకు మేము కబురంపితిమి. రాబోవు శీతకాలమున మనుమనితో వచ్చినచో పొద చెంతకు మేమే వెంట నడతుము.