ముప్పై రోజుల చుట్టరికం

కువైట్‌లో ఉండేవాడి సెలవు ఎంత సుఖమో కువైట్ చూడనివాళ్ళు చెప్పగా వినాలి. "నీకేమప్పా, నెల దినాలు తిని పండుకోవచ్చు" అంటారు మా ప్రొద్దుటూరులో. ఇరవై రెండేళ్ళుగా నేను ఆ సుఖం కోసం వెతుకుతూనే ఉన్నాను.

నాకు ఏడాదికి ముప్పై రోజులు సెలవు. రెండు రోజులు రాకపోకలకే సరి. మిగిలిన ఇరవై ఎనిమిదీ అన్నదమ్ముల ఆస్తి వంటివి. ప్రొద్దుటూరులో అమ్మ, జమ్మలమడుగులో అక్క, పులివెందులలో మా మామగారు. ఎవరి వాటా తగ్గినా వ్యాజ్యమే. ఒక ఏడు జమ్మలమడుగులో ఒక్క రాత్రి తక్కువ ఉన్నందుకు మా బావ మూడు నెలలు నాతో ఫోనులో మాట్లాడలేదు. ఆ మూడు నెలలే నిజమైన విశ్రాంతి అని మా ఆవిడ అన్నది గాని, అటువంటి మాటలు పత్రికలో వ్రాయకూడదు.

వీధిలో కనిపించిన ప్రతివారికీ రెండే ప్రశ్నలు: "ఎప్పుడొచ్చినావు నాయనా?", "మళ్ళా ఎప్పుడు పోతాండావు?" మూడో ప్రశ్నకు చోటులేదు. రెండో ప్రశ్న అడగని మనిషి మా అమ్మ ఒక్కతే. దానికి కారణముంది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌లో దిగినప్పుడు మా చిన్నాయన అక్కడే ఉన్నాడు. ఎడారి దాటి అమ్మాన్ చేరి, అక్కడినుంచి ఎయిరిండియా విమానంలో బొంబాయిలో దిగాడు. ఆ ఏడాది అట్లా వచ్చిన మనవాళ్ళు లక్షా డెబ్భై వేలకు పైగానే. ఆయన కబురు తెలిసేదాకా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. అప్పటినుంచి కువైట్‌కు "పోవడం" అనే మాట అమ్మ నోట రాదు.

అమ్మకు డెబ్భై నాలుగేళ్ళు. నేను వస్తున్నానంటే వారం ముందునుంచే చెనిక్కాయలు వేయించడం, అలసందలు నానబెట్టడం మొదలవుతుంది. పొద్దున ఉగ్గాని, బజ్జీలు. మధ్యాహ్నం రాగిసంగటి, ఊరిమిండి. పండగైతే ఓళిగలు. అరేబియా ఎండలో ఏడాదంతా తలచుకొన్న తిండి గదా అని నేనూ వద్దనేవాణ్ణి కాను. ఈసారి దసరాకు వచ్చాను. అమ్మవారిశాల దగ్గర జనం మధ్య తిరిగి తిరిగి, ఒక రాత్రి దాహమై లేచి చూద్దును గదా, అమ్మ చీకట్లో కూర్చుని మోకాళ్ళకు నూనె రాసుకొంటూంది. నేనొచ్చి పదకొండు రోజులయింది. ఈ పదకొండు రోజులూ సెలవు ఎవరికన్నట్టు?

"రెండు దినాలు గండికోటలో ఉందాం" అని మరునాడు ప్రకటించాను. అక్క ఫోనులోనే మండిపడింది. "గండికోటకు ఆమడ దూరంలో ఇంత ఇల్లు పెట్టుకొని నేనుంటే, అమ్మను తీసకపోయి హోటల్లో పండబెడతావా?" న్యాయమైన కోపమే. అయితే అక్క ఇంటికి పోతే అమ్మ మళ్ళీ వంటింట్లోనే తేలుతుంది.

ముందుగా పులివెందుల బాకీ తీర్చాలి. దారిలో గండి వీరాంజనేయస్వామి దర్శనం చేసుకొని, అమ్మతో సహా మామగారింట దిగాము. ఆయన అందరినీ చీనీతోటకు తీసుకొని వెళ్ళాడు. లోగడ ఎన్ని బోర్లు వేసినా దుమ్మే వచ్చేది. గండికోట జలాశయం నీళ్ళు ఎత్తిపోసి చిత్రావతి జలాశయానికి చేర్చినాక తోట తేరుకొన్నది. ఆయన ఆ సంగతి సంతోషంగా చెబుతూంటే నాకు గొంతులో ఏదో అడ్డుపడింది. అమ్మ పుట్టిల్లు తాళ్ళప్రొద్దుటూరు. గండికోట జలాశయం నింపేటప్పుడు, 2020లో, ఆ ఊరు మునిగిపోయింది. మా అత్తగారికి అది గుర్తుకు వచ్చి ముఖం చిన్నబుచ్చుకొన్నది. అమ్మ మాత్రం చీనీరసం గ్లాసు ఖాళీ చేసి, "చెట్లు బాగుండాయి వదినా" అన్నది.

గండికోటలో పర్యాటక శాఖ వారి హోటల్లో దిగాము. పెన్న ఎర్రకొండను కోసుకొని పోయిన లోయ చూడడానికి ఇప్పుడు ఎక్కడెక్కడివాళ్ళో వస్తున్నారు. పుట్టింటికి పోయేటప్పుడల్లా జమ్మలమడుగు మీదుగా పోయిన అమ్మ ఒక్కసారి కూడా కోట ఎక్కలేదట! "మాకెవరు చూపిస్తారు? బస్సు దిగితే వంట, ఎక్కితే వంట" అన్నది. మాధవరాయస్వామి గుడి గోపురం, జామియా మసీదు, ధాన్యాగారం నెమ్మదిగా తిరిగాము. మీర్‌జుమ్లాను కలుసుకోవడానికి 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు ఇంతదూరం వచ్చాడని చెప్పాను. "ఆయప్పకు అన్నం ఎవరు పెట్టినారో" అన్నది.

మరునాడు ఏడున్నర దాకా నిద్రపోయింది. నా ఎరుకలో అదే మొదటిసారి. మా ఆవిడ రెండుసార్లు వెళ్ళి ఊపిరి చూసి వచ్చింది.

కాఫీ తాగినాక, "తాడిపత్రి తట్టు పోదాం" అన్నది. నీళ్ళు కనిపించేచోట కారు ఆపాము. ఊరివాళ్ళు తలా ఒక దిక్కు పోయారు. పలకరిద్దామంటే మనిషి లేడు. సెలవు వస్తే నేను సముద్రం దాటి పుట్టింటికి వస్తాను. జమ్మలమడుగు దాటితే చాలు పుట్టిల్లు వచ్చే మా అమ్మకు ఇప్పుడు పోవడానికి ఊరే లేదు.

"అదో, ఆ తట్టు మా బాయి. దాని పక్కన చింతచెట్టు" అని నీళ్ళమీదికి వేలు చూపించింది. నాకు నీళ్ళే కనిపించాయి. చాలాసేపటికి, "మీ మామ తోటకు పోయేది ఈ నీళ్ళేనా?" అన్నది.

"ఇవేనమ్మా."

"పోనీలే. రసం తియ్యగానే ఉన్నింది."

తిరుగుదారిలో కునికిపాట్లు పడుతున్నదనుకొన్నాను. జమ్మలమడుగు పొలిమేరలో కళ్ళు తెరిచి, "వచ్చే యేడు ఈడ మూడు దినాలు పెట్టుకొందామా?" అన్నది.

"పెట్టుకొందాం గాని, ఆ దినం ఎవరి వాటాలో తగ్గించేది?"

"మీ బావదిలో తగ్గించు" అన్నది మా అమ్మ, తడుముకోకుండా.