బేరం, పార్టీ, యజమాని, లబ్ధిదారు

డబ్బిచ్చి పని చేయించుకునేవాళ్లకి మన తెలుగులో ఎన్ని పేర్లున్నాయో ఎప్పుడైనా గమనించారా? కొట్టతనికి మనం బేరం. "పొద్దుట్నుంచీ ఒక్క బేరం తగల్లేదమ్మా" అంటాడు, అంటే మనిషి రాలేదని. తెలంగాణ వైపు అదే మనిషి గిరాకీ. బస్సులో పాసింజరు, బ్యాంకులో ఖాతాదారు, పత్రికకి చందాదారు. ప్లీడరుగారి కాగితాల్లో కక్షిదారు, ఆయన గుమస్తా నోట్లో మాత్రం 'పార్టీ'. ఇక పురోహితుడికి దక్షిణ ఇచ్చి వ్రతం చేయించుకునే ఆయన యజమాని! ఇంత గౌరవమైన పేరు ఇంకెక్కడా లేదు. పీటల మీద పక్కనే కూచున్న మనం యజమాని భార్యలం. సరే, ఆ సంగతి ఇంకోసారి.

నాకు వీటన్నిట్లో బేరం అనే మాటే ఇష్టం. మనిషిని పట్టుకుని బేరం అనడమేమిటి, మొరటుగా లేదూ అంటుంది మా అమ్మాయి. మొరటే. కానీ అరకు సంతలో చూడండి. కొండ మీంచి దిగిన ఆడవాళ్లు చింతపండో అల్లమో అమ్ముకుని, ఆ డబ్బుతో అదే సంతలో ఉప్పు, ఎండుచేపలు, సత్తు గిన్నె కొనుక్కుంటారు. పొద్దున్న అమ్మినామె మధ్యాహ్నానికి తనే బేరం అవుతుంది. గిన్నెని వేలితో కొట్టి చూస్తుంది, పది రూపాయలు తగ్గించమంటుంది, తగ్గించకపోతే లేచి నడుస్తుంది. ఆ లేచి నడవడంలోనే ఉంది బలమంతా. వెనక్కి పిలవాల్సినవాడు కొట్టువాడు.

మా వీధికి కూరలు తెచ్చే అక్క ఇలాంటి మనిషే. ఆమెతో బేరమాడి నేనెప్పుడూ గెలవలేదు. కిందటేడు కూతురికి ఆపరేషనయితే తోడుగా వెళ్లాను. ప్రైవేటు ఆసుపత్రే, ఖర్చు సర్కారు కార్డు మీద. అక్కడ ఆమె పేరు ముందు రాసిన మాట 'లబ్ధిదారు'. ఏ మందు ఎందుకిస్తున్నారని అడిగితే, "ఫ్రీగానే చేస్తున్నాం కదమ్మా, ఇంకా ప్రశ్నలెందుకు?" అన్నారు. సంతంతా వినపడే ఆ గొంతు అక్కడ లోపలికి పోయింది. లబ్ధి అంటే దొరికినది. దొరికినదాన్ని పరీక్షించి చూస్తే తప్పు, వద్దంటే పొగరు!

నిజానికి ఆ ఆపరేషను ఉచితం కాదు. ఆసుపత్రికి డబ్బు ముడుతుంది, ఇచ్చే చెయ్యి వేరంతే. 1995లో సుప్రీంకోర్టు వి.పి. శాంత కేసులో వైద్యం కూడా వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని తీర్పిచ్చింది. అందరికీ పూర్తిగా ఉచితంగా చేసే ఆసుపత్రులు దాని కిందికి రావు. కానీ కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చేసేచోట ఆ ఉచితం రోగులకీ హక్కు ఉంటుందంది. రోగి బదులు ఇన్సూరెన్సు కంపెనీయో, ఉద్యోగమిచ్చినవాళ్లో కడితే అది ఉచితం కాదనీ చెప్పింది. మరి సర్కారు కడితే ఉచితం ఎలా అవుతుంది? నేను లాయర్ని కాను, ఇది మామూలు లెక్క.

తమాషా ఏమిటంటే, ఒకరు డబ్బు కట్టగా సేవ అందుకునే రెండో మనిషిని ఆ చట్టం కూడా లబ్ధిదారు అర్థం వచ్చే మాటతోనే చెబుతుంది. చెప్పి, ఆ మనిషీ వినియోగదారే అంటుంది. చట్టంలో ప్రశ్నించే హక్కుతో ఉన్న మాట, ఆసుపత్రి కౌంటరు దగ్గరికి వచ్చేసరికి చేతులు కట్టుకుని నిలబడింది.

ఇది కొండ మీది ఆడవాళ్ల సంగతేలే అనుకోకండి. మన ఇళ్లల్లో మిక్సీ బిల్లు ఎవరి పేరున ఉంటుంది? చెడిపోతే షాపతను "సార్ని రమ్మనండి మేడం" అనడం ఎన్నిసార్లు విన్నాం? కొన్నవారి అనుమతితో వాడుకునేవాళ్లు కూడా వినియోగదారులేనని చట్టంలోనే ఉంది. 1986 నాటి దాంట్లోనూ ఉంది, 2019లో వచ్చిన కొత్తదాంట్లోనూ ఉంది. బోర్డుల మీద మాత్రం ఇంకా 'వినియోగదారుడు' అనే రాస్తారు. 'దారు' అని ఆపితే ఆడా మగా ఇద్దరికీ సరిపోయేది, ఆ 'డు' తోక ఎందుకో!

నేను కోరేది పెద్దదేం కాదు. ఆసుపత్రి కాగితాల మీద లబ్ధిదారు తీసేసి 'రోగి' అని రాయండి. డబ్బు కట్టినా కట్టకపోయినా రోగి రోగే. మా కూరల అక్కకి 1915 నంబరు కాగితం మీద రాసిచ్చాను, వినియోగదారుల హెల్ప్‌లైన్‌ది. చెల్లించింది 5 లక్షల లోపయితే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదుకి ఫీజు కూడా లేదని చెప్పాను. కాగితం మడిచి కొంగున కట్టుకుని, "ఇది రేషను డిపో వాడికి కూడా పనికొస్తదా అమ్మా?" అని అడిగింది.