లిమిట్ 1 మహానుభావులకో దండం

"సబ్‌క్వెరీ ఒకటి కన్నా ఎక్కువ వరసలు ఇస్తోంది" అని మైఎస్‌క్యూఎల్ 1242 నంబరు ఎర్రర్ కొడితే మనవాళ్ళు ఏం చేస్తారు? చివర్లో లిమిట్ 1 తగిలిస్తారు. ఒరాకిల్‌లో అయితే ఇదే గోల ఓఆర్ఏ-01427 పేరుతో వస్తుంది, అక్కడ రోనమ్ = 1. ఎర్రర్ మాయం, టికెట్ క్లోజ్, చాయ్‌కి పద! దీన్ని "ఫిక్స్" అంటుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఎందుకో మా తిరుమలగిరితోనే చెప్తా. తెలంగాణలో ఆ పేరుతో మూడు మండలాలున్నాయి. సికింద్రాబాద్ వైపుది హైదరాబాద్ జిల్లా. మాది సూర్యాపేట జిల్లా. మూడోది నల్లగొండ జిల్లాలో నాగార్జునసాగర్ వైపు, అందుకే పక్కన సాగర్ అని చేర్చారు. మండలాల టేబుల్ నింపినవాడు ఆ సాగర్ ముక్క వదిలేశాడనుకోండి, "పేరు = తిరుమలగిరి" అంటే మూడు వరసలొస్తాయి. పాపం డేటాబేసు "నాయనా, ఏ తిరుమలగిరి?" అని అడుగుతోంది. మనం దాని నోరు మూస్తున్నాం.

పైగా ఆర్డర్ బై లేని లిమిట్ 1 ఏ వరస ఇస్తుందో హామీ లేదు. ఇవాళ సూర్యాపేట, రేపు ఎవరో ఇండెక్సు మారిస్తే సికింద్రాబాద్. మా రైతు అర్జీ హైదరాబాద్ లెక్కలో పడుతుంది. ఎర్రర్ కనిపిస్తే ఆయన కౌంటర్ దగ్గరే "ఏందిది?" అని నిలదీసేవాడు. ఇప్పుడు "విజయవంతంగా నమోదైంది" చూసి ఇంటికెళ్ళి నెలల తరబడి ఎదురు చూస్తాడు. ఏది నయం?

ఈక్వల్స్ తీసేసి ఇన్ పెడతామనే బ్యాచ్ ఇంకోటి. ఒక్క అర్జీ మూడు మండలాల్లో లెక్కకొస్తుంది, అంతే తేడా.

"జిల్లా పేరు కూడా కలిపితే సరి" అంటారా? 11 అక్టోబర్ 2016 దాకా సూర్యాపేట జిల్లానే లేదు, మా ఊరు నల్లగొండ జిల్లాలోదే. సాగర్ మండలం వచ్చింది కూడా ఆ విభజనలోనే. అంటే పాత రికార్డులో "నల్లగొండ, తిరుమలగిరి" అంటే మా ఊరు, కొత్త రికార్డులో సాగర్ ముక్క ఎగిరిపోతే అదే మాటకి ఇంకో ఊరు!

పేరు మనుషులకి చూపించడానికి, కోడ్ టేబుళ్ళు కలపడానికి. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ వారి లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో కోడ్లు ఉన్నాయి, వాడుకోండి. ఏ తేదీ నుంచి ఏ జిల్లాలో ఉందో విడిగా రాసుకోండి.

"రాత్రి రెండింటికి ప్రొడక్షన్ ఆగితే ఈ నీతులు పనికిరావు" అంటారు. ఒప్పుకుంటా. అప్పుడు ఆ ఒక్క అర్జీని పక్కన పెట్టి, లాగ్‌లో రాసి, మిగతావి నడవనివ్వండి. తప్పు ఊరికి పంపడం మాత్రం వద్దు. ఏఐకి ఎర్రర్ ముక్క అతికించి అడిగినా అంతే, ఏ తిరుమలగిరో దానికెలా తెలుస్తుంది?

పేజీకి పది వరసలు చూపించడానికి లిమిట్ వాడండి, నాకేం పేచీ లేదు. ముందు మీ ఊళ్ళ టేబుల్ మీద గ్రూప్ బై పేరు, హేవింగ్ కౌంట్ 1 కన్నా ఎక్కువ అని ఒక్కసారి రన్ చేయండి. రామాపురాలు, వెంకటాపురాలు ఎన్నొస్తాయో లెక్కపెట్టి, అప్పుడొచ్చి నాతో వాదించండి :)