అభ్యర్థి కట్టిన తెలుపు

ఎన్నికల దినములలో మన నోట నలుగు ఆంగ్లపదము క్యాండిడేట్. ఆ పదమునకు నిర్మలుడని యర్థమనియు, కావున అభ్యర్థిని గౌరవింపవలెననియు వేదికలపై చెప్పువారు కలరు. పదము పుట్టుక విచారించినచో ఈ మాట సగమే నిజమని తేలును.

లాటినున కందిదాతుస్ అనగా తెల్లని వస్త్రము దాల్చినవాడు. రోమను పౌరుల తోగా అను ఉన్నివస్త్రము సహజముగనే తెల్లనిది. ఆ సాదా తెలుపు అల్బుస్. పదవి గోరువాడు దానికి సుద్ద పట్టించి మెరయజేసికొని జనులలో తిరిగెడివాడు. ఆ మెరయు తెలుపు కందిదుస్. క్యాండిల్, క్యాండిడ్ అను ఆంగ్లపదములు ఈ ధాతువునుండియే వచ్చినవి. మన చంద్రశబ్దమును దీనికి జ్ఞాతియే యని భాషావేత్తలందురు.

అనగా పదములో నున్నది బట్ట తెలుపే గాని మనసు తెలుపు గాదు. అట్లు తెలుపు చేర్చరాదని క్రీ.పూ. 432లో శాసనము చేసినట్లు లివీ అను చరిత్రకారుడు వ్రాసెను. శాసనము మరుగుపడినది, సుద్ద నిలిచినది. ఓట్లకై చుట్టు తిరుగుటను తెలుపు అంబితియో అను మాట నుండి యాంబిషన్ పుట్టినది. దాని తోబుట్టువైన అంబితుస్ ఎన్నికల లంచమునకు పేరైనది. క్రీ.పూ. 63లో కాన్సులైన సిసిరో ఆ నేరమునకు పదియేండ్ల ప్రవాసము విధించు శాసనము తెచ్చెను.

ఇంకొక విశేషము. రోమను అభ్యర్థి వెంట నొక బానిస నడచుచు, ఎదురైన వారి పేర్లను అతని చెవిలో చెప్పెడివాడు. పేరుపెట్టి పిలిచినంతనే ఓటరు పొంగిపోవునని వారి యెత్తు.

తరతరములుగా అన్యభాషా ప్రాంతమున స్థిరపడిన మనకు ఇది కొత్త గాదు. మన వీథిలో అడుగిడి రెండు తెలుగు ముక్కలు పలికిన అభ్యర్థికి మనము వెంటనే కరగిపోవుదుము. ఆ రెండు ముక్కలును సుద్దయే కావచ్చును. మన బడిలో తెలుగు పంతులు ఖాళీని గూర్చి ఏమి చేసితివి, ఏమి చేయుదువని అడుగుట మన విధి.

అభ్యర్థి యను మన పదము సూటియైనది. దానికి అడుగువాడని యర్థము. అడుగువానిని ఎదురు ప్రశ్నించు హక్కు ఇచ్చువానికి కలదు. గోనె శుభ్రత చూచి ధాన్యము కొను వర్తకుడు లేడు. మచ్చు తీసి అరచేత బోసి చూచును. ఓటు విషయమునను మనము వర్తకులమే కావలెను.