సముద్రపు పాచి

పాలలో కాచి చల్లార్చితే ముక్కలుగా కోయటానికి వీలుగా గట్టిపడే చైనా గ్రాసును ఎరుగని ఇల్లాలు తమిళ దేశంలో మన ఇండ్లలో అరుదు. పేరు చైనాదే గాని, దానికి మూలమైన ఎర్ర పాచులు రామనాథపురం జిల్లాలో మండపం, పాంబన్ ఎదుట మన్నారు సింధుశాఖలోనూ పెరుగుతున్నవి. తమిళులు ‘పాసి’ అంటారు. మన పాచియే అది. దవనపు రెమ్మలా ఉండేదానికి మరికొళుందు పాసి అనీ, గంజి కాచుకొనేదానికి కంజి పాసి అనీ పేర్లు. వీటినుండి తీసే అగరు మీదనే ఆస్పత్రులలో సూక్ష్మజీవులను పెంచి రోగం తేలుస్తారు.

పాచికి నేలలోని సారాన్ని పీల్చే వేళ్లు లేవు. అడుగున ఉండే పట్టు రాతిని అంటుకొని నిలవటానికే. ఆహారం ఒళ్లంతటితోనూ నీటినుండే తీసుకొంటుంది. పట్టును వదలి పైభాగం త్రుంచితే మళ్లీ చిగురిస్తుంది. పట్టుతో పెకలిస్తే ఆ మొక్క అంతటితో సరి. బీజాలు విడువకముందే కోస్తే మరుసటి పంటకూ లోటే.

దీనిని సేకరించేవారు చాలవరకు స్త్రీలు. వేళ్లకు పీలికలు చుట్టుకొని, కళ్లకు అద్దాలు పెట్టుకొని, ఊపిరి బిగబట్టి మునుగుతారు. 1986లో 21 దీవులను చేర్చి సముద్ర జాతీయ వనం ఏర్పరచిన తరువాత, తరతరాలుగా వెళ్లే చోట్లకు పోవటం వారికి నేరమయింది. అయినా ఇనుప గోకుడు పనిముట్లు వాడక చేతితోనే త్రుంచాలనీ, నెలకు 12 రోజులే దిగాలనీ వారు తమలో తాము కట్టుబాటు చేసుకొన్నారు. కూలి పోగొట్టుకొని మరీ చేసుకొన్న కట్టుబాటు ఇది.

అయితే పాచికి కీడు చేసేది ఏరే చేయి ఒక్కటే కాదు. సున్నానికీ, కట్టడాలకూ పగడపు రాళ్లను ఏండ్ల తరబడి తవ్వుకుపోయారు. పాచి అంటుకొనేది ఆ రాళ్లనే. మురుగు, ఒండ్రు రాతిని కప్పితే బీజం నిలువదు, వెలుతురూ అందదు.

ఇక సాగు సంగతి. కప్పాఫైకస్ అనే విదేశీ పాచిని వెదురు తెప్పలకు కట్టి పెంచటంవల్ల ఎన్నో కుటుంబాలకు కూలి దొరికింది. కాని 2008లో కురుసడై దీవి దగ్గర అది బ్రదికి ఉన్న పగడాలమీద పాకినట్లు శాస్త్రజ్ఞులు ప్రకటించారు. తరువాత 2013 ప్రాంతంలో నీటి వేడికి ఆ పంటే పెద్ద ఎత్తున చచ్చి, సాగుదార్లు నష్టపోయారు. 2016లో వేడి హెచ్చి అక్కడి పగడాలు తెల్లబోయినవి. బొగ్గు, నూనెల పొగవల్ల భూమిమీద హెచ్చిన వేడిలో నూటికి తొంబది పాళ్లకు పైగా సముద్రాలే మింగుతున్నవి. ఆ వేడిని ఏ పల్లె కట్టుబాటూ ఆపలేదు.

రామనాథపురం జిల్లా వలమావూరులో పాచి పార్కుకు 2023లో శంకుస్థాపన జరిగింది. ఉపాధి పెరగవలసిందే. ఏ జాతిని నాటాలి, పగడాలకు ఎంత ఎడంగా నాటాలి, వేసవిలో ఎప్పుడు తీసివేయాలి అన్నవి ముందుగా తేలాలి. అవి తేల్చేటప్పుడు, ఏ రాతిమీద ఏ నెలలో ఏ పాచి చిగురిస్తుందో చేతితో తడిమి ఎరిగిన ఆ స్త్రీలను కూడా పిలిచి కూర్చోబెట్టుకోవటం న్యాయం.