సీటు ఒక్కటే చాలదు

ముస్లింలకు చదువుపై శ్రద్ధ లేదన్న నిందను మేము ఏళ్ళుగా వింటున్నాం. తల్లిదండ్రులకు ఆధునిక విద్యపై విముఖత లేదని, అందుబాటులో బడులే తక్కువని సచార్ కమిటీ 2006లోనే తేల్చింది. అయినా నింద ఆగలేదు.

తోపుడుబండి తండ్రి, బీడీలు చుట్టే తల్లి బిడ్డను ఇంటర్ దాటించారు. అంతకుముందు ఆ ఇంట కళాశాల గడప తొక్కినవారు లేరు. ఆధార్‌లో పేరు ఒక తీరుగా, పదో తరగతి మెమోలో మరో తీరుగా ఉంటే ఎక్కడ సరిచేయించాలో చెప్పే దిక్కు లేదు. కౌన్సెలింగ్ నాటికి బి.సి.-ఇ ధ్రువపత్రం అందకపోతే, 2007 చట్టం ఇచ్చిన 4 శాతం రిజర్వేషన్ ఆ బిడ్డకు ఉన్నా లేనట్టే. ఒక్క ఏడాది జారిపోతే కొడుకు మెకానిక్ షెడ్డుకు, కూతురు పెళ్ళిచూపులకు.

సీటు వచ్చినా గండం గడవదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి పడితే కళాశాలలు సర్టిఫికెట్లు బిగపడుతున్నాయి. ప్రభుత్వం పడ్డ బాకీకి బిడ్డల చదువు తాకట్టా? పరిశోధన దాకా ఎగబాకినవారికి ఆసరాగా ఉన్న మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను సైతం కేంద్రం 2022లో నిలిపివేసింది.

మేము భిక్ష అడగడం లేదు. ప్రతి ప్రభుత్వ జూనియర్ కళాశాలలో పరీక్షలకు ముందే ధ్రువపత్రాల శిబిరం పెట్టాలి, ఉర్దూలోనూ వివరించాలి. బకాయిలు తక్షణమే చెల్లించాలి.

మసీదు కమిటీలకూ ఒక విన్నపం. షాదీఖానా తలుపులు ఏటా నెల రోజులు ఈ పనికి తెరవండి. మనలో ముందు చదివినవారు వెనక వచ్చేవారి దరఖాస్తు పక్కన కూర్చోవాలి. హక్కును అడగడమూ, అందేదాకా వెంటపడడమూ రెండూ మన పనులే.